బుడ్డదానికి ఐదడుగుల కట్టర్

మా వదినను వీధిలో అందరూ టేపమ్మ అంటారు. కుట్టుమిషను మూలన పెట్టి చాలాకాలమైనా మెడలో కొలతల టేపు మాత్రం తీయదు. ట్రాక్టర్ నడిపేటప్పుడూ అది మెడలోనే ఉంటుంది. ఎవరైనా నవ్వితే వాళ్ళ నడుం కొలత పైకి చెప్పేసి నోరు మూయిస్తుంది. నా నడుం కొలత మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది ఆమె పెద్దమనసు.

నేను ఆమె మరిదిని. వాళ్ళ ఇంటి ముందుగదిలోనే నా ఫోటో స్టూడియో. పొద్దస్తమానం జనాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి "కదలకండి, గడ్డం కాస్త పైకి" అనడం నా వృత్తి. మనిషిని కొంచెం భారీగా ఉంటాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నా తెలివికి పనేమీ పడలేదు, బరువుకి మాత్రం పడింది.

వదిన పని గడ్డి కోయడం. చిన్న ట్రాక్టర్, దాని వెనక ఒక కట్టర్. కట్టర్ అంటే మంచంలా పరిచిన ఇనపరేకు, దాని అడుగున గిరగిరా తిరిగే రెండు బ్లేడ్లు. తోటల్లో చెట్ల వరసల మధ్య, బడి మైదానాల్లో, ఖాళీ స్థలాల్లో నడుమెత్తు పెరిగిన గడ్డినీ ముళ్ళపొదల్నీ నరుక్కుంటూ పోతుంది. ఆ ట్రాక్టర్‌ని మేం బుడ్డది అంటాం. పెద్ద ట్రాక్టర్ల పక్కన నిలబెడితే వాటికి పుట్టిన పిల్లలా ఉంటుంది మరి.

బుడ్డదాన్ని మొదట నడిపింది మా అన్నయ్య. ఒక వానాకాలంలో కాలవగట్టు మీద గడ్డి కోస్తుంటే గట్టు జారింది. బండి పక్కకి ఒరిగి, అన్నయ్యతో సహా బోల్తా పడింది. కింద బురద మెత్తగా ఉండబట్టి మనిషి దక్కాడు. కుడికాలు మాత్రం దక్కీ దక్కనట్టు మిగిలింది. ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి వదిన కత్తెర పక్కన పెట్టి, "నాకు బండి నేర్పండి" అంది. అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. అప్పటికి ఆయనకి పనిచేస్తున్నది ఆ ఒక్క కాలే.

అరిచి, అలిగి, చివరికి నేర్పాడు. బడి మైదానంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఊతకర్రతో నేల మీద గీతలు గీస్తూ నేర్పాడు. కానీ బండి ఆమె చేతికిచ్చే ముందు వెనక చక్రాల రిమ్ములు ఊడదీయించి, తిప్పి, బయటివైపుకి బిగించాడు. రెండు చక్రాల మధ్య ఎడం పెరిగితే బండి పక్కకి ఒరగదు. "ఇప్పుడు దీన్ని ఏనుగు తోసినా పడదు" అన్నాడు. ఆ మాట మాకంటే ఆయన తనకే ఎక్కువ చెప్పుకున్నాడు.

ఆనాటి నుంచి ఇంట్లో రోజూ ఒకటే తంతు. పొద్దున్నే వదిన బండెక్కి, "వెళ్ళొస్తా" అంటుంది. అన్నయ్య కిటికీలోంచి, "ఎన్నింటికి?" అంటాడు. ఆమె ఏదో ఒక గంట చెబుతుంది. చెప్పిన గంట దాటితే చాలు, అన్నయ్య కాలు కాలిన పిల్లిలా గేటుకీ కిటికీకీ మధ్య తిరుగుతాడు. నా స్టూడియోలో ఫోటోకి కూర్చున్నవాళ్ళు ఆ ఊతకర్ర చప్పుడుకి కళ్ళు ఆర్పేస్తారు. అలా ఎన్ని ఫోటోలు పాడయ్యాయో నాకే తెలుసు.

చక్రాలు బయటికి జరగడంతో ఇంకో తలనొప్పి వచ్చిపడింది. అప్పటి కట్టర్ నాలుగడుగులది. చక్రాల అంచు నుంచి అంచుకి ఇప్పుడు నాలుగున్నర అడుగులు. అంటే కట్టర్ కోసే మేర దాటి రెండు పక్కలా చక్రాలు గడ్డిని తొక్కేస్తున్నాయి. తొక్కుడుపడ్డ గడ్డి అప్పటికి పడుకున్నా, రెండ్రోజులకి మళ్ళీ లేచి నిలబడుతుంది. కొండవాలు తోట ఆసామి ఒకసారి మా గుమ్మంలోకి వచ్చి మరీ అడిగాడు.

"ఏమ్మా, నా తోటకి చారల చొక్కా కుట్టావా?"

కుట్టుపని చేసిన మనిషిని అంతకంటే పెద్ద మాట అనలేం. వదిన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత ఆ పాత కట్టర్ రేకు తుప్పుపట్టి విరిగిపోయింది. కొత్తది తేవాలి. ఇక చూడండి, ఎంత సైజుది తేవాలన్న దాని మీద ఇంట్లో యుద్ధం మొదలైంది. ఐదడుగులది తెస్తే చక్రాల మేరంతా కోసేస్తుంది, చారలుండవు, పని కూడా త్వరగా తెములుతుందని అన్నయ్య. బుడ్డది అంత బరువు మొయ్యలేదని వదిన. ఎండలు ముదిరేలోగా ఆ కొండవాలు తోటంతా కోసి తీరాలి. ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు కదా. ఆ వాలు మీద బండి తేడా చేస్తే దాని కింద పడేది వదినే. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. పైకి మాత్రం అంగుళాల గురించే పోట్లాడుకున్నాం.

ఒక సాయంత్రం వదిన పని నుంచి వచ్చేసరికి వాకిట్లో ఎర్రరంగు నిగనిగలాడుతూ ఐదడుగుల కట్టర్ ఉంది. ఆమె లేనప్పుడు అన్నయ్య ఆటోలో యంత్రాల కొట్టుకి వెళ్ళి తెప్పించేశాడు. పక్కనే కొట్టాయన నిలబడి ఉన్నాడు.

"మీ బండి ఇరవై రెండు హార్స్‌పవర్ కదమ్మా, బానెట్ మీదే రాసుంది. అవలీలగా లాగేస్తుంది" అన్నాడు.

వదిన మెడలోంచి టేపు తీసింది. కట్టర్ వెడల్పు కొలిచింది, పొడవు కొలిచింది. బండికి తగిలించే కొక్కేల దగ్గర నుంచి వెనక తోకచక్రం దాకా ఎంత దూరముందో కొలిచింది.

"ఇది ఎంత బరువండీ?"

కొట్టాయన కట్టర్ రంగుని చేత్తో నిమిరాడు. "కొంచెం ఉంటుందమ్మా."

"బానెట్ మీద రాసింది ఇంజిన్ బలం. వెనక షాఫ్టు దాకా వచ్చేసరికి దాంట్లో కొంత దారిలోనే పోతుంది. బ్లేడు తిప్పేది ఆ మిగిలిందే" అంది వదిన. "చొక్కాకి కొలతలు మనిషివి తీసుకోవాలి గానీ అద్దాల బీరువాలో బొమ్మవి కాదు."

"ఒక పని చెయ్యండి" అన్నాడు కొట్టాయన, మనిషి మర్యాదస్తుడే. "తగిలించి చూసుకోండి. బ్లేడు మాత్రం తిప్పొద్దు. గడ్డిపసరు అంటకుండా తెస్తే మార్చి నాలుగడుగులది ఇస్తా. పసరు అంటితే ఇక అది మీదే."

మర్నాడు పొద్దున్నే కొండవాలు దగ్గరికి వెళ్ళాం. వదిన బుడ్డదాన్ని నడుపుకుంటూ వచ్చింది. నేనూ అన్నయ్యా ఆటోలో వెనకే వచ్చాం. కింద చదును నేల మీద వదిన బండి ఆపింది. సంచీలోంచి ఒక గుడ్డపేలిక తీసి ముందుచక్రం కింద సగం దూర్చింది.

"లాగు" అంది నాతో. లాగాను. రాలేదు.

బండెక్కి కట్టర్‌ని పైకెత్తింది. "ఇప్పుడు లాగు."

ఈసారి కొంచెం గట్టిగా గుంజేసరికి పేలిక చేతిలోకి వచ్చేసింది. వెనక బరువుకి ముందు చక్రాలు తేలికైపోయాయి. చదును మీదే ఇలా ఉంటే వాలు మీద ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"చూశారుగా" అంది వదిన.

"పేలికతో తేల్చే సంగతా ఇది?" అన్నాడు అన్నయ్య. "ముందు బరువు పెడితే సరి."

"ముందు ఇనపదిమ్మలు పెడితే ముక్కు దిగుతుందండీ, ఒప్పుకుంటా. ఇంజిన్ బలం పెరగదుగా. దట్టమైన గడ్డిలోకి వెళ్ళగానే మూలిగి ఆగిపోతుంది. వాలు మీద మధ్యలో ఆగితే నేనేం చెయ్యను?"

"ఆగదు. నువ్వు ముందే వద్దనుకుని మాట్లాడుతున్నావ్. అసలు ఎక్కించి చూస్తే కదా తెలిసేది. దిమ్మలు లేకపోతే మనిషి కూర్చుంటాడు. మా రోజుల్లో అందరం అలాగే చేసేవాళ్ళం."

నిజమే. ఈ పని చేసేవాళ్ళలో అదొక పాడు అలవాటు. ముక్కు లేస్తోందంటే ఒక మనిషిని ముందు కూర్చోబెడతారు. ఎవరైనా పడితే, వాడికి కూర్చోవడం రాలేదంటారు.

"మనిషిని బరువుగా పెట్టుకుని నేను నడపను" అంది వదిన. ఆమె గొంతు అంత కరుకుగా ఎప్పుడూ వినలేదు.

"అయితే నేను కూర్చుంటా" అన్నాడు అన్నయ్య. ఊతకర్ర నా చేతిలో పెట్టి, బండి ముందున్న ఇనపకమ్మీ మీదికి చెయ్యి వేశాడు. కుడికాలు పైకి లేవడం లేదు. అయినా ఎక్కబోతున్నాడు. మొండితనం మా వంశంలో ఆస్తిలాగా పంచుకున్నాం, పెద్ద వాటా ఆయనది.

ఆయన్ని పక్కకి లాగి, ఊతకర్ర తిరిగి ఆయన చేతికిచ్చి, నేనే ఎక్కి కూర్చున్నాను. ధైర్యం కాదు, ఇంకో దారి కనబడలేదు. బానెట్‌కి ఎదురుగా, కొండకి వీపు పెట్టి, రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాను. బుడ్డది ముందుకి కొంచెం కుంగింది. ఇంట్లో నా బరువు అక్కరకి రావడం అదే మొదలు.

వదిన చాలాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అన్నయ్య సంగతి ఆమెకి తెలుసు. కళ్ళారా చూస్తే తప్ప నమ్మడు. ఇవాళ కాదంటే రేపు ఎవరినో పిలిచి వాళ్ళ చేత బండిని వాలు ఎక్కిస్తాడు.

"ఆ మొదటి చెట్టు దాకానే. బ్లేడు తిప్పను. కట్టర్ జానెడెత్తుకి మించి లేపను" అంది. తర్వాత నాతో, "కదలకు" అంది. జీవితమంతా జనానికి నేను చెప్పే మాట నాకు తిరిగొచ్చింది.

బండి మెల్లగా వాలెక్కడం మొదలుపెట్టింది. నా ఎదురుగా వదిన మొహం, ఆమె భుజం మీదుగా కింద అన్నయ్య. గడ్డి నా మోకాళ్ళని రాసుకుంటూ వెనక్కి పోతోంది. ఇంజిన్ వేడి పొట్టకి తగులుతోంది. వదిన నన్ను చూడటం లేదు, నా పక్కనుంచి ముందు చక్రాలనే చూస్తోంది. ఆమె కుడిచెయ్యి కట్టర్ ఎత్తే మీట మీదే ఉంది. చెట్టు ఇంకెంతో దూరం లేదు. ఏమీ కాదులే అనుకున్నాను, దిగాక ఈ దున్నపోతు సవారీ గురించి ఎంత గొప్పగా చెప్పుకోవచ్చో కూడా ఆలోచించాను.

గడ్డి కింద వాననీళ్ళు కోసిన గాడి ఒకటి ఉంది. ఎవరికీ కనబడలేదు. ముందు చక్రాలు దాంట్లో దిగి, అవతలి ఒడ్డుకి ఎక్కాయి. ఆ వెంటనే వెనక చక్రాలు గాడిలో పడ్డాయి. ముక్కు పైకి, తోక కిందికి అయింది. కట్టర్ బరువు మొత్తం వెనక్కి గుంజింది.

వదిన మొహం నాకు ఎదురుగా ఉండాల్సింది, మెల్లగా కిందికి దిగిపోసాగింది. దిగుతున్నది ఆమె కాదనీ, లేస్తున్నది నేననీ అర్థమయ్యేసరికి నా కింద చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. కమ్మీ మీద నా చేతులు జారుతున్నాయి. నేను జారితే నా బరువు కూడా పోతుంది, బండి వెనక్కి తిరగబడుతుంది, ఆమె దాని కింద ఉంటుంది. నాకు అది ఒక్కటే తెలిసింది. కళ్ళు మూసుకుని, బల్లి గోడని పట్టుకున్నట్టు బానెట్‌ని కరిచి పట్టుకున్నాను.

వదిన ఒకేసారి రెండు పనులు చేసింది. క్లచ్ తొక్కింది, మీటని కిందికి కొట్టింది. కట్టర్ దభీమని నేలకి ఆనింది. వెనక్కి పడబోయిన బండి దాని మీద ఆనుకుని, ఒక్క క్షణం ఎటు పడాలో తేల్చుకోలేనట్టు ఊగి, ముందుకి కూలబడింది. నా పళ్ళు టకటకమన్నాయి. ఇంజిన్ ఆగిపోయింది.

కింద నుంచి ఒక చప్పుడు వినబడింది. అన్నయ్య ఊతకర్ర విసిరేసి పైకి పరుగెత్తబోయాడు. ఆ కాలుతో పరుగేమిటి, రెండడుగులకే బోర్లా పడ్డాడు. లేచి, మళ్ళీ పడి, చివరికి చేతులూ మోకాళ్ళూ ఆనించి గడ్డిలో పాకుతూ వస్తున్నాడు.

"అక్కడే ఉండండి, బండి దిగుతోంది" అని కేక వేసింది వదిన.

నన్ను దింపింది. కట్టర్‌ని నేలకి అంటీ అంటనంత ఎత్తులో పెట్టి, రివర్సులో, అంగుళం అంగుళం చొప్పున బండిని కిందికి తెచ్చింది. చదును మీద ఆపి, బ్రేకు వేసి, దిగి, చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

అన్నయ్య ఆమె పక్కన కూలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగిపోయింది. నాకైతే ఇద్దరినీ చెడామడా తిట్టాలని ఉంది.

"త్వరగా వస్తావని" అన్నాడు చివరికి అన్నయ్య. "వెడల్పుదైతే పని తొందరగా అయిపోతుంది, రోజూ ఇంకో గంట ముందు ఇంటికొస్తావని తెచ్చా. ఆ కిటికీ దగ్గర కూర్చుంటే నాకు ఇంకేం వినబడదు, ఆ రోజు నా కాలు విరిగిన చప్పుడే వినబడుతుంది. నువ్వు గేట్లోకి వచ్చేదాకా అదే."

ఇన్నాళ్ళూ ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నేను తిట్లన్నీ మర్చిపోయాను.

వదిన టేపుతో ఆయన చేతికంటిన మట్టి తుడిచింది. అది టేపని ఆమెకి గుర్తున్నట్టు లేదు.

"మీరు పక్కకి పడ్డారు. అందుకని నేను పక్కకి పడకుండా చక్రాలు బయటికి జరిపించారు. జరిగేసరికి నాలుగడుగులది చాలకుండా పోయింది. చాలలేదని ఐదడుగులది తెచ్చారు. ఇప్పుడు నేను వెనక్కి పడబోయాను" అంది. "నాకేమవుతుందోనన్న భయంతో మీరు చేసిందంతా కలిపి నన్ను ఇక్కడిదాకా తెచ్చిందండీ."

అన్నయ్య తల వంచుకున్నాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

"మరి చారలో?" అన్నాను నేను. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా.

"నాలుగడుగులది తెచ్చి, కొంచెం కుడిపక్కకి జరిపి బిగిస్తా" అంది వదిన. "కుడిచక్రం తొక్కిందంతా కట్టర్ కిందికి వచ్చేస్తుంది. ఎడమచక్రం ఎప్పుడూ అంతకుముందు కోసిన దారిలోనే నడిచేట్టు తిరిగితే సరి. గుడ్డ మీద పక్కకుట్టు వేసేటప్పుడు చేసేది అదే. ముందే తట్టాల్సింది, ఆయనతో అంగుళాల మీద పోట్లాటలో పడిపోయా."

కట్టర్ తిరిగి కొట్టుకి తీసుకెళ్తే కొట్టాయన మాట తప్పలేదు. వంగి, బ్లేడు అంచుకి వేలు రాసి చూశాడు. పసరు లేదు. కానీ నేలకి కొట్టుకున్న చోట రంగు లేచిపోయింది. "ఇదేంటండీ?" అన్నాడు. అన్నయ్య అక్కడే నేల మీద చతికిలబడి, బ్రష్షు అడిగి తీసుకుని, లేచిన మేరంతా తన చేత్తోనే రంగు పూశాడు. వదిన పక్కన నిలబడి, మార్చి తీసుకున్న నాలుగడుగుల కట్టర్‌ని కొలుస్తోంది.

మొదటి రోజు ఆమె నాలుగడుగుల కట్టర్‌తో వాలెక్కింది. చెప్పిన గంట దాటింది. అన్నయ్య గేటు దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, వెళ్ళాడు. ఊతకర్ర చప్పుడుకి ఎవరో పెళ్ళికొడుకు కళ్ళు మూసేశాడు. నేను ఫోటో మళ్ళీ తీయలేదు, కెమెరా మూసి వెళ్ళి అన్నయ్య పక్కన నిలబడ్డాను. నాకూ ఆ ముక్కు లేచిన బండే కళ్ళలో ఆడుతోంది. పొద్దు వాలుతుండగా వీధి మలుపులో బుడ్డదాని చప్పుడు వినబడింది.

వదిన దిగింది. తలనిండా గడ్డిపొట్టు.

"ఇంత ఆలస్యమా?" అన్నాడు అన్నయ్య.

"చిన్నది కదండీ, ఆలస్యమే అవుతుంది. రేపూ అవుతుంది. కానీ వస్తా."

ఆయన ఆమె జుట్టులోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరి పారేశాడు.

మర్నాడు పొద్దున్న నేను స్టూడియో తలుపు తీస్తున్నాను. వదిన బండెక్కి, అలవాటుగా కిటికీ వైపు తిరిగి, "వెళ్ళొస్తా" అంది. 'ఎన్నింటికి' అన్న మాట కోసం ఆగింది కూడా. అన్నయ్య కిటికీ దగ్గర లేడు. కుంటుకుంటూ వచ్చి గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు.

"వెళ్ళిరా" అన్నాడు.